సైకిలు పందెగాళ్ళ అజ్ఞాతవాసం

ఇంగ్లండులో వేసవి ఆదివారాల్లో తెల్లవారుజామునే ప్రయాణం పెట్టుకున్నవారికి ఒక్కోసారి ఒక వింత దృశ్యం ఎదురవుతుంది. రోడ్డు పక్కన గడ్డి మీద స్టాప్‌వాచీ చేత పట్టుకొని ఒక పెద్దమనిషి నిలబడి ఉంటాడు. ఆయన ఎదుట ఒకరు సైకిలెక్కి కూర్చుంటే, పడిపోకుండా మరొకరు సీటు పట్టుకొని ఉంటారు. పెద్దమనిషి వేళ్ళు మడుస్తూ అయిదు నుంచి ఒకటి దాకా లెక్కపెడతాడు. సైకిలు దూసుకుపోతుంది. సరిగ్గా నిమిషం తరువాత మరొకటి, ఇంకో నిమిషానికి ఇంకొకటి. బ్యానరు లేదు, మైకు లేదు, చప్పట్లు కొట్టే జనం లేరు. ఆ దారికి పేరైనా ఉండదు. ఒకటి రెండు అక్షరాలు, వాటి పక్కన కొన్ని అంకెలు, అంతే.

ఇంగ్లిష్ ఛానల్‌కు ఆవలి ఒడ్డున ఇదే ఆట ఊరి జాతర. ఫ్రాన్సులో సైకిలు పందెం వస్తోందంటే బళ్ళు, కొట్లు మూసి ఊరంతా వీధిలోకి వస్తుంది. వందమందికి పైగా పందెగాళ్ళు రంగురంగుల చొక్కాలతో ఒక్క గుంపుగా ఊరి నడిబొడ్డు నుంచి పోతారు. ఒకే యంత్రం, ఒకే ఆట. ఒక ఒడ్డున అది ఊరేగింపు, రెండో ఒడ్డున గూఢచారి వ్యవహారం. ఎందుకిలా అయింది?

చట్టం నిషేధించింది కాబట్టి అని చాలామంది అనుకుంటారు. కానీ బ్రిటిష్ పార్లమెంటు ఆ రోజుల్లో రోడ్డు మీద సైకిలు పందాలను నిషేధిస్తూ చట్టమేదీ చేయలేదు. ఆ నిషేధాన్ని సైక్లిస్టుల సంఘమే తన సభ్యుల మీద విధించుకుంది. ఎవరో కన్నెర్ర చేస్తారన్న భయంతో మొదలైన ఆ కట్టుబాటు దాదాపు యాభై ఏళ్ళు నడిచింది. పాండవుల అజ్ఞాతవాసం ఒక్క ఏడాదితో ముగిసింది. ఈ పందెగాళ్ళ అజ్ఞాతం రెండు తరాల పాటు సాగింది. అది ఎలా మొదలైందో, ఎవరు దాన్ని భగ్నం చేశారో, దాని నుంచి ఏ మంచి పుట్టిందో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

గాలితో లెక్క

ముందుగా ఆ సంఘం నిషేధించినది ఏమిటో స్పష్టంగా తెలుసుకోవాలి. వేగాన్ని కాదు, కలిసి పోటీపడడాన్ని. ఈ తేడా అర్థం కావడానికి కొంచెం భౌతికశాస్త్రం, కొంచెం శరీరధర్మశాస్త్రం అవసరం.

చదును రోడ్డు మీద గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోయే సైక్లిస్టు శ్రమలో చాలా భాగం గాలిని చీల్చుకొని ముందుకు పోవడానికే ఖర్చవుతుంది. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన సామర్థ్యం వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే గాలి విషయంలో వేగం రెట్టింపు కావాలంటే కాళ్ళు ఎనిమిది రెట్లు పనిచేయాలి. అయితే మరొకరి వెనుక చక్రానికి మన ముందు చక్రాన్ని దగ్గరగా ఉంచి తొక్కితే, ఆ గాలినీడలో మన శ్రమ దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. గుంపు మధ్యలో ఉంటే ఇంకా ఎక్కువ తగ్గుతుంది. ఒంటరిగా అరగంటలో అలసిపోయే గుండె, స్నేహితుల మధ్యన రెండు గంటలు అదే వేగాన్ని మోయగలదు.

యాభై దాటిన నా గుండె ఈ సూత్రాన్ని ప్రతి ఆదివారమూ రుజువు చేస్తూనే ఉంది. మా జట్టులో ఇద్దరు డాక్టర్లు, ఒక ప్లంబరు, పదవీవిరమణ చేసిన ఒక హెడ్మాస్టరు ఉన్నాం. ముందున్నవాడు గాలి మోస్తాడు, అలిసిపోగానే పక్కకు తప్పుకొని వెనక్కి వస్తాడు, తరువాతివాడు ముందుకొస్తాడు. రోడ్డులో గుంట వస్తే ముందున్నవాడు నడుము వెనక చెయ్యి పెట్టి చూపిస్తాడు. వెనకవాడికి రోడ్డు కనబడదు కాబట్టి ఆ చెయ్యే అతని కన్ను. గుంపుగా సైకిలు తొక్కడమంటే ముందువాడి చేతిని నమ్మడం. గుంపు పందెంలో ఆ నమ్మకం మీద ఎత్తుగడలు చేరతాయి: ఎవరిని అలసిపోనివ్వాలి, ఎవరితో పొత్తు కలపాలి, ఏ మలుపులో ఆ పొత్తు తెంచుకోవాలి. గడియారంతో చేసే పోటీలో ఇవేవీ ఉండవు. అక్కడ మనిషి, గాలి, కాలం మాత్రమే ఉంటాయి.

బ్రిటన్ రోడ్ల మీద నుంచి మాయమైనది ఈ పొత్తుల ఆట.

గుర్రం బెదిరిన రోజు

విచిత్రమేమిటంటే, ఈ ఆట తొలి వీరుడు ఇంగ్లండులో పుట్టినవాడే. 1869 నవంబరులో పారిస్ నుంచి రువాన్ వరకు 120 కిలోమీటర్లకు పైగా సాగిన పందెంలో గెలిచిన జేమ్స్ మూర్ ఆంగ్లేయుడు. కానీ స్వదేశంలో సైక్లిస్టులంటే పల్లెవాసులకూ, బండివాళ్ళకూ, భూస్వాములకూ కంటగింపుగా ఉండేది. 1879లో ఒక న్యాయస్థానం సైకిలును కూడా బండిగానే లెక్కకట్టి, బండిని విచ్చలవిడిగా తోలడం అనే నేరాన్ని సైక్లిస్టుల మీద మోపవచ్చునని తీర్పు చెప్పింది. 1888 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం సైకిళ్ళను దేశమంతటా బండ్లుగా గుర్తించింది. రోడ్డు మీద తిరిగే హక్కు వచ్చింది. దానితో పాటు, ఆ హక్కును ఎప్పుడు లాగేసుకుంటారో అన్న దిగులూ వచ్చింది.

ఆ దిగులుకు నిలయం నేషనల్ సైక్లిస్ట్స్ యూనియన్. 1878లో బైసికిల్ యూనియన్‌గా పుట్టి, తరువాత ఈ పేరు పెట్టుకొన్న ఈ సంఘం సైక్లిస్టుల హక్కుల కోసం పోరాడింది, పోటీలకు నియమాలు కూర్చింది. ఔత్సాహికుడు అనే మాటకు ఆ రోజుల్లో ఉన్న బరువును ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఈనాడు ఆ మాటకు డబ్బు కోసం కాక ఇష్టం కొద్దీ ఆడేవాడని అర్థం. విక్టోరియా రాణి కాలంలో దానికి కులం వాసన కూడా ఉండేది. హెన్లీ పడవ పందాలవారు 1879లో చేసిన నియమం ప్రకారం మెకానిక్కు, చేతిపనివాడు, కూలీ ఔత్సాహికులే కారు. చేతిపనిచేసేవాడిని ఆటకు దూరంగా నిలబెట్టడం మన సమాజానికి తెలియని సంగతి కాదు. సైకిలు సంఘం అంత దూరం పోలేదు. డబ్బు కోసం ఆడనివాడు ఎవరైనా ఔత్సాహికుడేనంది. అందువల్లనే సైకిలు క్రమంగా గుమాస్తాల ఆటగా, గని కార్మికుల ఆటగా మారగలిగింది. 1894లో బర్మింగ్‌హామ్‌లో ఆరుగురు సోషలిస్టు మిత్రులు మొదలుపెట్టిన క్లారియన్ సైక్లింగ్ క్లబ్ శ్రామికుల ఆదివారాలను రోడ్డెక్కించిన ఉద్యమంగా ఎదిగింది.

అదే 1894 జూలైలో గ్రేట్ నార్త్ రోడ్ మీద ఒక పందెం జరుగుతోంది. లండను నుంచి ఉత్తరానికి పోయే ఆ పాత రాజమార్గం పందెగాళ్ళకు ప్రాణం. ఎదురుగా ఒక స్త్రీ గుర్రబ్బండి తోలుకుంటూ వస్తోంది. సైక్లిస్టుల రాకతో గుర్రం బెదిరింది. పందెగాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. వాళ్ళలో ఫ్రెడరిక్ థామస్ బిడ్లేక్ అనే పేరున్న పందెగాడు కూడా ఉన్నాడు. ఫిర్యాదు పోలీసుల దాకా వెళ్ళింది. రోడ్డు పందాల మీద అప్పటికే చిరాకుగా ఉన్న యూనియన్‌కు ఈ సంఘటన ఒక ఆధారమైంది. 1890ల ముగింపుకల్లా తన సభ్యులెవరూ రోడ్డు మీద పందెం వేయరాదని ఆ సంఘం కట్టడి చేసింది. పందెం కావాలంటే కట్టిన ట్రాకుల మీద వేసుకోమంది.

సంఘం భయం వట్టిది కాదు. ఆనాటి పత్రికల్లో, న్యాయస్థానాల్లో సైక్లిస్టులకు మిత్రులు తక్కువ. ఇంకొక గుర్రం బెదిరి, ఇంకొక మనిషి గాయపడితే పార్లమెంటు మొత్తం సైకిలు వాడకం మీదే ఆంక్షలు పెట్టవచ్చు. పందెం వేసే కొందరి కోసం పనికి పోయే లక్షలమందిని పణంగా పెట్టడం న్యాయమా అన్నది వాళ్ళ ప్రశ్న. ఆ నాటికి అది సమంజసమైన ప్రశ్నే. భయానికి కారణం పోయిన తరువాత కూడా జవాబు మారకపోవడంతోనే చిక్కు వచ్చింది.

నల్లబట్టలు, సంకేతాక్షరాలు

పడిపోయినవాళ్ళలో ఒకడైన బిడ్లేకే దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. పందెగాళ్ళను ఒక్కసారిగా కాకుండా విడివిడిగా, మధ్యలో వ్యవధి ఇచ్చి పంపుదాం. ఒకరి గాలినీడలో మరొకరు పోకూడదు. ఎవరికెంత సమయం పట్టిందో గడియారం చెబుతుంది. చూసేవాడికి అది పందెంలా కనబడదు. ఎవరో ఒక మనిషి పని మీద తొందరగా పోతున్నాడనుకుంటాడు. 1895లో నార్త్ రోడ్ సైక్లింగ్ క్లబ్ ఈ పద్ధతిలో యాభై మైళ్ళ పోటీ నడిపింది. దీని పేరు టైమ్ ట్రయల్.

ఆ తరువాత ఈ ఆట చుట్టూ అల్లుకున్న ఆచారాలు చదువుతుంటే విరాటుని కొలువులో మారుపేర్లు గుర్తుకువస్తాయి. పోటీలు తెల్లవారుజామున, ఊళ్ళు నిద్ర లేవకముందే ముగిసిపోవాలి. మెడ నుంచి మడమ దాకా నల్లటి దుస్తులు వేసుకోవాలి. సైకిలుకు గంట ఉండాలి. పోటీ జరగబోతోందని ముందుగా ప్రచారం చేయకూడదు. పాల్గొనేవారి జాబితా మీద రహస్యపత్రం అన్న హెచ్చరిక ఉండేది. దారి పేరు బయటపడకుండా సంకేతాక్షరాలు వాడేవారు. ఏ అక్షరం ఏ ప్రాంతానిదో, ఏ అంకె ఏ మలుపుదో క్లబ్బువాళ్ళకే తెలుసు. పందెంలో వాడే తేలికపాటి చక్రాలను ముందు చక్రానికి ఇరుపక్కలా తగిలించుకొని, తమ మామూలు చక్రాల మీద యాభై మైళ్ళయినా తొక్కుకుంటూ వచ్చి, చక్రాలు మార్చుకొని పోటీపడి, మళ్ళీ పాత చక్రాలు బిగించుకొని ఇంటికి పోయేవారు. సోమవారం పొద్దున ఫ్యాక్టరీలో ఉండాలి కదా.

1922లో ఏర్పడిన ఒక మండలి 1937 నాటికి రోడ్ టైమ్ ట్రయల్స్ కౌన్సిల్‌గా స్థిరపడి ఈ ఆటను నడిపింది. ఇరవై అయిదు, యాభై, వంద మైళ్ళు, పన్నెండు గంటలు, ఇరవై నాలుగు గంటలు: ఇవీ మెట్లు. ఆటకు ఖర్చు తక్కువ, మోసానికి చోటు తక్కువ. పేరు పొందిన పందెగాడికీ, తొలిసారి వచ్చిన గుమాస్తాకూ ఒకే రోడ్డు, ఒకే గడియారం. భయం నుంచి పుట్టినా ఇందులో ఒక నిరాడంబరమైన అందం ఉంది. 1922లో లివర్‌పూల్ కేంద్రంగా జరిగిన ఔత్సాహికుల ప్రపంచ పోటీ కూడా టైమ్ ట్రయలే. అందులో మొదటి మూడు స్థానాలూ బ్రిటన్‌వే.

కానీ ప్రపంచం దారి మార్చుకుంది. 1930ల నాటికి ప్రపంచ పోటీ గుంపు పందెంగా స్థిరపడింది. ఒంటరి పరుగులో ఆరితేరిన బ్రిటిష్ పందెగాళ్ళకు గుంపులో ఎలా మెలగాలో తెలియదు. నేర్చుకుందామంటే స్వదేశంలో చోటు లేదు. జట్టును ఎంపిక చేయడానికి 1933లో బ్రూక్‌లాండ్స్ అనే మోటారు పందాల ట్రాకు మీద యూనియనే ఒక గుంపు పందెం పెట్టవలసి వచ్చింది. తరువాత ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో వాహనాలు ఆపేసిన రోడ్ల మీద పోటీ జరిగింది. అంటే ఆట తప్పు కాదు, ఇంగ్లండు రోడ్డు మీద ఆడడమే తప్పు. అదే 1933లో బిడ్లేక్ చనిపోయాడు. గుర్రాన్ని బెదిరించిన తరానికి చెందిన ఆ మనిషిని సైకిలు మీద పోతుండగా ఒక కారు ఢీకొట్టింది. రోడ్డు మీద ఎవరు ఎవరికి ప్రమాదమన్నది ఆ నలభై ఏళ్ళలో తలకిందులైంది. నియమం మాత్రం మారలేదు.

వుల్వర్‌హాంప్టన్ సైకిలు కొట్టు

బర్మింగ్‌హామ్‌కు వాయవ్యంగా ఉన్న వుల్వర్‌హాంప్టన్ సైకిళ్ళ తయారీకి పేరుపడ్డ ఊరు. ఈ ప్రాంతంతో మనకూ ఒక బంధుత్వం ఉంది. మన పల్లెల్లో పాలక్యాన్లు మోసిన, పిల్లల్ని బడికి దింపిన హెర్క్యులస్, బీఎస్‌ఏ సైకిళ్ళ పేర్లు బర్మింగ్‌హామ్‌లో పుట్టాయి. రాలీ పేరు కాస్త తూర్పున ఉన్న నాటింగ్‌హామ్‌లో పుట్టింది. 1949లో మద్రాసులో ఏర్పడిన టీఐ సైకిల్స్ హెర్క్యులస్‌లను ఇక్కడే తయారుచేయడం మొదలుపెట్టేదాకా, మన తాతల కట్నపు సైకిళ్ళు చాలావరకు ఈ ఊళ్ళ నుంచి ఓడలో వచ్చినవే.

1909లో వుల్వర్‌హాంప్టన్‌లో ఒక సైకిలు కొట్టువాడి ఇంట పెర్సీ స్టాలార్డ్ పుట్టాడు. తానూ అదే వ్యాపారంలో స్థిరపడ్డాడు. 1933లో బ్రూక్‌లాండ్స్ పందెంలో తొక్కి, ఆ ఏడూ తరువాత రెండేళ్ళూ ఐరోపాలో ప్రపంచ పోటీలకు వెళ్ళాడు. అక్కడ అతడు చూసిన దృశ్యం మరుపుకు రాలేదు: వేలమంది జనం, రంగు చొక్కాలు, పోలీసులే దగ్గరుండి దారి ఇవ్వడం. ఇంటికి తిరిగివస్తే మళ్ళీ నల్లబట్టలు, వేకువజాము, మారుపేర్లు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. పెట్రోలుకు రేషను పెట్టారు. రోడ్లు ఖాళీ అయ్యాయి. గుర్రాలు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు కార్లూ పోయాయి. గుంపు పందెం ప్రమాదమన్న వాదనకు ఇక ఆధారం ఏదని స్టాలార్డ్ 1941 చివరలో యూనియన్‌కు లేఖ రాశాడు. యూనియన్ ఒప్పుకోలేదు. అప్పుడు అతడు చాలా చిన్న పని చేశాడు. ఆ యాభై ఏళ్ళలో సంఘం చేయని పని అది. దారిలో పడే జిల్లాల పోలీసు అధికారులను కలిసి నేరుగా అడిగాడు. వాళ్ళు సరేనన్నారు.

ఈ కథ మొత్తానికి మలుపు ఇదేనని నాకు అనిపిస్తుంది. ఏ పోలీసుల ఆగ్రహానికి జడిసి రెండు తరాలు చీకట్లో సైకిలు తొక్కాయో, ఆ పోలీసులకు అభ్యంతరమే లేదు.

1942 జూన్ 7

1942 ఈస్టర్ నాడు ష్రాప్‌షైర్ కొండల దగ్గర సమావేశమైన సైక్లిస్టుల ముందు స్టాలార్డ్ తన ఆలోచన పెట్టాడు. వేల్స్‌లోని లాంగోలెన్ నుంచి వుల్వర్‌హాంప్టన్ దాకా 59 మైళ్ళ గుంపు పందెం. వాహనాలను ఆపేది లేదు, మామూలు రోడ్డు మీదనే. స్థానిక పత్రిక ఎక్స్‌ప్రెస్ అండ్ స్టార్ అండగా నిలిచింది. మిగిలే డబ్బు సైనికుల సహాయనిధికి. యూనియన్ ముందుగానే హెచ్చరించింది: ఇందులో పాల్గొన్నవారిని బహిష్కరిస్తాం.

బహిష్కరణ అంటే ఏమిటో వాళ్ళకు తెలుసు. సంఘం గుర్తింపు పోతే ఏ పోటీలోనూ తొక్కడానికి లేదు. ఫ్యాక్టరీ పనివాడికి ఆదివారం పందెం పోవడమంటే వారమంతా ఎదురుచూసే ఒకే ఒక్క వెలుగు పోవడం. అయినా ఆ ఆదివారం ముప్ఫైకి పైగా పందెగాళ్ళు లాంగోలెన్‌లో బారు తీరారు. జమ్మిచెట్టు మీద నుంచి ఆయుధాలు దించిన రోజది.

వుల్వర్‌హాంప్టన్‌లోని వెస్ట్ పార్కు దగ్గర వెయ్యిమందికి పైగా జనం వేచి ఉన్నారు. యుద్ధంతో విసిగిన ఊరికి అదొక పండుగ. స్థానికుడైన ఆల్బర్ట్ ప్రైస్ చివరి పరుగులో మిగతావారిని దాటి, దాదాపు 2 గంటల 25 నిమిషాల్లో పందెం గెలిచాడు. ఏ గుర్రమూ బెదరలేదు. పోలీసులు జనాన్ని అదుపు చేయడంలో సాయపడ్డారు.

యూనియన్ అన్నమాట నిలబెట్టుకుంది. స్టాలార్డ్‌నూ, పందెగాళ్ళనూ, నిర్వహణలో సాయపడినవారినీ సస్పెండు చేసింది. స్టాలార్డ్ శిక్షకు గడువు కూడా పెట్టలేదు.

లీగు కాలం

వెలివేయబడ్డవాళ్ళు ఆ నవంబరులోనే డెర్బీషైర్‌లోని బక్స్‌టన్‌లో చేరి సొంత కుంపటి పెట్టుకున్నారు. బ్రిటిష్ లీగ్ ఆఫ్ రేసింగ్ సైక్లిస్ట్స్ దాని పేరు. చేతిలో సొమ్ము లేదు, వెనక పెద్దలు లేరు. అయినా 1944లో కెంట్ ప్రాంతంలో, జర్మన్ ఎగిరే బాంబులు పడుతున్న వేసవిలో, కొన్ని దశల పందెం నడిపారు. 1945లో యుద్ధం ముగిసిన వేడుకగా దక్షిణ తీరాన ఉన్న బ్రైటన్ నుంచి స్కాట్లండులోని గ్లాస్గో దాకా అయిదు రోజుల పందెం పెట్టారు. ఆ పందెమే క్రమంగా టూర్ ఆఫ్ బ్రిటన్‌గా ఎదిగింది.

లీగువాళ్ళు నల్లబట్టలు విడిచేశారు. ఐరోపా పందెగాళ్ళలా రంగుల చొక్కాలు, నల్లకళ్ళద్దాలు వేసుకొని పట్టపగలు తిరిగారు. సంప్రదాయవాదులకు అది ఒళ్ళుమంట. క్లబ్బులు చీలిపోయాయి. స్నేహితులు విడిపోయారు. ఏ సంఘంలో ఉన్నావన్న ప్రశ్న రోడ్డు మీద పలకరింపులను కూడా శాసించింది. విదేశాల్లో ఒకే ఊళ్ళో రెండు తెలుగు సంఘాలు, రెండు ఉగాదులు చూసినవారికి దీన్ని వివరించి చెప్పనక్కరలేదు.

1951లో డెయిలీ ఎక్స్‌ప్రెస్ పత్రిక అండతో జరిగిన టూర్ ఆఫ్ బ్రిటన్‌ను గ్లాస్గోకు చెందిన ఇయాన్ స్టీల్ గెలిచాడు. అతడు తొక్కింది వైకింగ్ సైకిల్స్ తరఫున. అదీ వుల్వర్‌హాంప్టన్ కంపెనీయే. మరుసటి ఏడు వార్సా, బెర్లిన్, ప్రాగ్ నగరాలను కలుపుతూ సాగిన శాంతి పందెంలో స్టీల్ గెలవడమే కాక బ్రిటన్ జట్టు కూడా ప్రథమస్థానంలో నిలిచింది. గుంపులో మెలగడం తెలియదన్న అపవాదు పదేళ్ళలో తొలగిపోయింది. 1955లో బ్రయన్ రాబిన్సన్, టోనీ హోర్ టూర్ ద ఫ్రాన్స్‌ను పూర్తిచేసిన తొలి బ్రిటిష్ పందెగాళ్ళయ్యారు.

1959లో రెండు సంఘాలూ కలిసి బ్రిటిష్ సైక్లింగ్ ఫెడరేషన్ ఏర్పడింది. 1960లో ప్రభుత్వం రోడ్డు మీద సైకిలు పందాలను ఎలా నిర్వహించాలో నిబంధనలు జారీచేసింది. ఎన్నడూ చట్టం నిషేధించని ఆటకు చివరకు చట్టం చోటు చూపింది. లీగుకు ఇది విజయం. స్టాలార్డ్ మాత్రం సంతోషించలేదు. అంతకుముందే లీగు పెద్దలతోనూ గొడవపడ్డ ఆ మనిషి, ఈ విలీనాన్ని నమ్మకద్రోహంగా భావించాడు. 2001లో మరణించేదాకా తన కోపాన్ని వదులుకోలేదు. పోరాటానికి పనికొచ్చే మొండితనం రాజీకి పనికిరాదు. అతణ్ణి విగ్రహంగా మార్చేటప్పుడు ఈ సంగతి మరచిపోకూడదు.

గడియారం కన్న బిడ్డ

లీగు గెలిచిందని టైమ్ ట్రయల్ ఓడినట్టు కాదు. ఆ మౌనపు ఆట ఎంత గొప్పవారిని తయారుచేయగలదో చెప్పడానికి బెరిల్ బర్టన్ ఒక్కరు చాలు. వైద్యుడిగా ఆమె కథ నన్ను మరింత ఆకర్షించింది. యార్క్‌షైర్‌కు చెందిన ఆమె పదకొండేళ్ళ వయసులో రుమాటిక్ జ్వరం బారిన పడింది. తరువాతి రెండేళ్ళూ ఆసుపత్రిలో, విశ్రాంతి గృహంలో గడిచాయి. ఆ కాలంలో ఈ జబ్బు పిల్లల గుండె కవాటాలను దెబ్బతీసేది, ప్రాణాలు తీసేది. ఒంటికి శ్రమ ఇవ్వవద్దని ఆమెకు వైద్యులు చెప్పారు. మా వృత్తివారి సలహాలు ఎప్పుడూ నిజం కావు.

భర్త చార్లీ సైకిలు నేర్పాడు. మోర్లీ ఊరి క్లబ్బులో చేరింది. రూబార్బ్ తోటల్లో కూలిపని చేస్తూ, బస్తాలు మోస్తూ, ఖాళీ వేళల్లో సాధన చేసింది. ప్రపంచ రోడ్డు పందాన్ని 1960లో, 1967లో గెలిచింది. ట్రాకు మీద పర్‌స్యూట్ పోటీలో అయిదుసార్లు ప్రపంచ విజేత. ఏడాది పొడవునా వేర్వేరు దూరాల్లో సాధించిన వేగాల సగటును బట్టి ఇచ్చే మహిళల జాతీయ ప్రథమస్థానం 1959 నుంచి వరసగా ఇరవై అయిదేళ్ళు ఆమెదే.

1967లో యార్క్‌షైర్‌లో జరిగిన పన్నెండు గంటల పోటీలో స్త్రీలు పురుషుల తరువాత బయలుదేరారు. ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చిన బర్టన్, పురుషుల్లో అందరికన్నా ముందున్న మైక్ మెక్‌నమారాను కూడా అందుకుంది. అతడు ఆ రోజు పురుషుల రికార్డును బద్దలుకొట్టబోతున్నాడు. దాటిపోతూ అతని చేతిలో ఒక మిఠాయి బిళ్ళ పెట్టింది. ఆ రోజు ఆమె తొక్కింది 277.25 మైళ్ళు, అతడు 276.52. పురుషులు ఆ దూరాన్ని 1969లో దాటారు. మరో స్త్రీ దాన్ని దాటడానికి 2017 దాకా పట్టింది. బర్టన్ చివరిదాకా ఔత్సాహికురాలే, వృత్తి పందెగత్తెగా మారలేదు. 1996లో, సైకిలు మీద పోతూ ఉండగానే, ఆమె గుండె ఆగిపోయింది. బాల్యంలో శ్రమ వద్దన్న గుండె యాభై తొమ్మిదో ఏటి దాకా ఆమెను మోసింది.

అక్కడ కూడా నిషేధాల చరిత్ర ఒకటి ఉంది. స్త్రీలకు పందెం తగదన్న వాదన పెద్ద సంఘాల్లో చాలాకాలం చెల్లింది. 1949లో ఐలీన్ గ్రే, ఆమె మిత్రురాళ్ళు మహిళా సైకిల్ రేసింగ్ సంఘం స్థాపించి దాన్ని ఎదిరించారు. స్త్రీలకు ప్రపంచ పోటీలు 1958లో గానీ మొదలుకాలేదు.

అడగని భయం

2012లో బ్రాడ్లీ విగ్గిన్స్ టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన తొలి బ్రిటన్ పౌరుడయ్యాడు. గడియారంతో పోటీలో అతడు దిట్ట, గుంపులోనూ నేర్పరి. బిడ్లేక్ వారసత్వం, స్టాలార్డ్ వారసత్వం అతనిలో కలిశాయని చెప్పవచ్చు. ఔత్సాహికులకూ వృత్తి పందెగాళ్ళకూ మధ్య గోడ కూడా అప్పటికి కూలిపోయింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో వృత్తి సైక్లిస్టులను అనుమతించారు. సంకేతాక్షరాల దారులు మాత్రం అలాగే ఉన్నాయి. దాక్కోవలసిన అవసరం తీరినా, దాక్కున్న రోజుల అలవాటు ఆచారమై నిలిచింది.

పరాయి దేశానికి వలసవచ్చిన మాలాంటివారికి ఈ చరిత్రలో మన నీడ కొంత కనిపిస్తుంది. పోపు వాసన పొరుగింటికి పోతుందని కిటికీలు బిగించుకోవడం, పలకడం కష్టమని పేరులో సగం కోసుకోవడం, బస్సులో అమ్మతో ఫోనులో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించుకోవడం. వీటిలో కొన్ని జాగ్రత్తలు నిజంగా అవసరమైన రోజులున్నాయి, ఇప్పటికీ అవసరమైన చోట్లున్నాయి. తొలి తరం పెద్దల భయాన్ని ఎగతాళి చేయడం తేలిక. 1890ల నాటి యూనియన్ పెద్దలను ఎగతాళి చేయడం కూడా అంతే తేలిక. వాళ్ళు రోడ్డు మీద సైకిలు హక్కును కాపాడారు. లోపం ఎక్కడంటే, ఆ భయం ఇంకా నిజమేనా అని తరువాతి వారు మళ్ళీ వెళ్ళి చూడలేదు.

స్టాలార్డ్ చేసిన తిరుగుబాటులో అన్నిటికన్నా ధైర్యమైన పని పందెం నడపడం కాదు. పోలీసు అధికారి గది తలుపు తట్టి, మేము పట్టపగలు అందరం కలిసి సైకిలు తొక్కవచ్చా అని అడగడం. అడిగేదాకా జవాబు ఎవరికీ తెలియదు.